నాయిస్ అనుకున్న చారలు

ఘాజియాబాద్‌లోని ఆ పరీక్షా కేంద్రంలో అరుంధతి చేరి ఆరేళ్ళయింది. తన సంతకాన్ని తనే అనుమానించాల్సి రావడం మాత్రం ఆ మంగళవారమే మొదటిసారి.

గాలి ఒత్తిడి పెంచే పీడన గదులకు బిగించే దళసరి అక్రిలిక్ కిటికీలను ఆమె పరీక్షిస్తుంది. వాటి గుండా ప్రత్యేకమైన కాంతిని పంపితే, లోపల ఒత్తిడి పేరుకున్న చోట్లు రంగు చారలుగా కెమెరాలో పడతాయి. మామూలు లెక్క కిటికీ మొత్తానికీ కలిపి ఒక జవాబు చెప్పి ఊరుకుంటుంది. వేవ్‌లెట్ లెక్క చిన్న అలను చారల వెంట జరుపుకుంటూ పోయి, తేడా ఎక్కడుందో చూపిస్తుంది. కెమెరా గరగర కూడా అందులో కలుస్తుంది కనుక, ఒక హద్దు పెట్టి, అంతకన్నా చిన్నవాటిని నాయిస్ కింద తీసెయ్యాలి. ఆ హద్దు నిర్ణయించేది అరుంధతే.

ఆ రోజు కొత్త కిటికీ కోసం హద్దు తగ్గించింది. సరిపోల్చడానికి, పోయిన వారం తను పాస్ చేసిన కిటికీ ఫైలు తెరిచి, దానికీ అదే హద్దు పెట్టి చూసింది. అంచు దగ్గర వేలిగోరంత మచ్చ. రెండో ఫోటోలోనూ అక్కడే, మూడో దాంట్లోనూ అక్కడే. నాయిస్ అయితే ప్రతిసారీ ఒకేచోట రాదు.

ఆమె గడియారం చూసింది. టైము పదకొండున్నర. సాహిబాబాద్ వర్క్‌షాపులో ఆ కిటికీ బిగించి, గదిలోకి గాలి ఎక్కించే పరీక్ష పన్నెండింటికి.

పరుగున మేనేజర్ ఉమాశంకర్ గదిలోకి వెళ్ళింది.

"సర్, మనం సాహిబాబాద్‌కి పంపిన కిటికీలో పగులుంది. నేను పెట్టిన హద్దుకి చెరిగిపోయింది."

"పగులేనని ఖాయమా?"

"ఖాయంగా చెప్పలేను సర్."

"మరింకేం! తప్పని తేలితే కంపెనీ పరువు పోతుందమ్మా. లంచ్ తర్వాత కూర్చుందాం."

"లంచ్ దాకా త్యాగరాజు గారు దాని ముందే ఉంటారు సర్!"

త్యాగరాజు అనకాపల్లి మనిషి, ఆ వర్క్‌షాపులో సీనియర్ టెక్నీషియన్. కిటికీ చుట్టూ సబ్బునీళ్ళు పూసి, గాలి ఎక్కుతుంటే మొహం దగ్గర పెట్టి బుడగలు వెతుకుతాడు. ఆమె నాలుగుసార్లు ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. టెస్ట్ షెడ్డులోకి ఫోన్లు పోనివ్వరని అప్పుడు గుర్తొచ్చింది. వర్క్‌షాపు ఆఫీసు నంబరు ఎంతకీ బిజీ.

బయటికొచ్చి ఆటో ఎక్కింది. "జల్దీ భయ్యా, జల్దీ!"

మోహన్ నగర్ దగ్గర లారీల మధ్య ఆటో ఇరుక్కుపోయింది. పన్నెండుకు ఏడు నిమిషాలు. రిపోర్టు కింది తన సంతకం, దాని పక్కన త్యాగరాజు మొహం కళ్ళముందు నిలిచి కదలలేదు. దిగి పరిగెత్తింది. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు అడ్డొచ్చి, "మేడమ్, పాస్ దిఖాయియే" అని చెయ్యి చాపుతుంటే, పర్సు అతని చేతిలోనే వదిలేసి లోపలికి దూసుకుపోయింది.

షెడ్డులో కంప్రెసర్ హోరు. త్యాగరాజు కిటికీకి జానెడు దూరంలో వంగి ఉన్నాడు.

"త్యాగరాజు గారూ! పక్కకి రండి!"

హోరులో వినపడలేదు. ఆమె వెళ్ళి చొక్కా పట్టుకుని లాగేసింది.

"ఏటి మేడమ్, ఏటైంది?"

"ఆ కిటికీ మంచిది కాదు. నేనే తప్పు రాశాను. గాలి తీసేయండి."

ఆయన ఆమె మొహం కేసి ఒక్క క్షణం చూసి, ఇంకేమీ అడగకుండా, ఆమెను ఇనుప తెర వెనక్కి నెట్టి తనూ వచ్చాడు. అక్కడున్న వాల్వు తిప్పాడు. ఒత్తిడి మీటరు ముల్లు మెల్లగా దిగసాగింది. సగం దిగాక లోపల్నుంచి టిక్‌మని చిన్న చప్పుడు. అంచు నుంచి కిటికీ మధ్యదాకా తెల్లని గీత పాకింది. ఇద్దరూ ముల్లునే చూస్తూ నిలబడ్డారు. అది సున్నాకి వచ్చాకే త్యాగరాజు వాల్వు మీంచి చెయ్యి తీశాడు.

"ఇంకో ఐదు నిమిషాలైతే ఫుల్ ప్రెషర్‌కి ఎల్లిపోయేది," అన్నాడు.

అరుంధతికి ఊరట కలగలేదు. ఈ హద్దుతోనే మార్చి నుంచి మరో పదకొండు కిటికీలు పాస్ చేసింది. వాటిలో కొన్ని ఈపాటికి ఆసుపత్రుల ఆక్సిజన్ గదుల్లో ఉంటాయి, లోపల రోగులు పడుకుని ఉంటారు.

గేటు దగ్గర పర్సు తీసుకుంటుంటే ఉమాశంకర్ ఫోన్ వచ్చింది. "ఏమైంది?"

"పగిలింది సర్. మిగతా పదకొండూ ఆపించాలి. ఇప్పుడే."

"ముందు ఒక్కసారి మనం…"

ఆమె ఫోన్ పెట్టేసింది. అరుగు మీద కూర్చుని, ఫోన్లో ఉన్న రిపోర్టుల లిస్టులోంచి మొదటి ఆసుపత్రి నంబరు నొక్కింది. రెండుసార్లు తప్పు నంబరు పడింది. మూడోసారి అవతల ఎవరో ఎత్తారు. ఆక్సిజన్ గది కిటికీ గురించని చెప్పింది.

"మేడమ్, పేషెంట్ లోపలున్నారు. తర్వాత చేస్తారా?"

"లేదు," అంది అరుంధతి. "ముందు పేషెంట్‌ని బయటికి తియ్యండి."