వెంట్రుకంత సందు

ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల టోకు వ్యాపారి వెంకటనారాయణ ముప్పై ఏళ్ళు కాంటా ముందు కూర్చుని బతికినవాడు. ముల్లు వెంట్రుకవాసి కదిలినా ఎవరో ఒకరికి నష్టమేనన్నది ఆయన నేర్చిన చదువు. కారుకూ అదే లెక్క వేశాడు.

జాగీర్లు పోయిన ఏడాది ఒక నవాబు దేవిడీ వేలంలో కొన్న పాత కారు అది. ఉప్పుగూడలో ఇంటి వాకిట్లో, ఆదివారం మధ్యాహ్నం మెకానిక్ ఇశ్రాయేలు దాని వాల్వులు సర్ది, మూతలు బిగించి స్టార్టు చేశాడు. టిక్కుటిక్కుమని సన్నని చప్పుడు వస్తూనే ఉంది.

"ఇంకా కొట్టుకుంటనే ఉన్నది గదా," అన్నాడు వెంకటనారాయణ.

"గంత సప్పుడు ఉండాలె సేఠ్. వాల్వు కింద సన్నటి రేకంత సందు ఇడిసిన. వేడికి ఇనుము పెరుగుతది. సందు లేకుంటె వాల్వు మూసుకోదు, ఇంజన్ల దమ్ము పోతది."

"సందున్న కాంటా నేను దుకాణంల పెట్టుకుంటనా?"

"కాంటా కింద మంట పెట్టరు గద సేఠ్," అని నవ్వి ఇశ్రాయేలు సైకిలెక్కాడు.

మర్నాడు ఎనిమిదింటికి పెద్ద దవాఖానలో వెంకటనారాయణ భార్య నాగమణమ్మకు ఆపరేషన్. కడుపులో గడ్డ. రిక్షా కుదుపుకు ప్రాణం పోతుందని ఆమె నెల రోజులుగా గడప దాటలేదు. కారు దారిలో ఆగకూడదు.

ఆయన ఆలోచించాడు. పని సగంలో వదిలితే మెకానిక్‌కు మళ్ళీ పిలుపు, మళ్ళీ కూలి. ఇశ్రాయేలు స్థానంలో ఉంటే తాను ఏం చేసేవాడు? అదే చేసేవాడు. దాంతో అనుమానం రూఢి అయింది.

ధోతి ఎగగట్టి రెంచీలు పట్టాడు. ఎనిమిది వాల్వుల సందూ దారప్పోగు దూరకుండా మూసేశాడు. స్టార్టు చేస్తే చప్పుడు లేదు. నిమిషం విని, తృప్తిగా ఆపేశాడు.

సోమవారం పొద్దున కారు చార్మినార్ దాకా బాగానే వచ్చింది. ఇంజన్ కాగిన కొద్దీ ఈడ్చుకుంటూ నడవసాగింది. పత్తర్‌గట్టిలో రెండుసార్లు దగ్గి ఆగింది. దిగి హ్యాండిల్ తిప్పితే చేతికి ఎదురే తగల్లేదు. లోపల దమ్ము లేదు.

రిక్షా తప్పలేదు. నాగమణమ్మ కొంగు పళ్ళ మధ్య బిగించింది. ఆయన పక్కనే నడుస్తూ ప్రతి గుంటకూ, "ఆహిస్తే భాయ్, మెల్లగ," అంటూ వచ్చాడు. నది మీది పుల్ దాటి దవాఖాన చేరేసరికి తొమ్మిది దాటింది. డాక్టరు ఇంకొకరిని లోపలికి తీసుకున్నారు. జ్వరం రాకుంటే మధ్యాహ్నం చూస్తారని నర్సు చెప్పింది.

వరండాలో బల్ల మీద ఆమె ముడుచుకుని పడుకుంది. ఆయన కింద కూర్చున్నాడు.

"ఇశ్రాయేలు మంచిగనే చేసిండు," అన్నాడు. "నేనే బిగించిన."

"నాకెరికే. నిన్న మీ ధోతికి నూనె చూసిన."

"మరి చెప్పకపోతివి?"

"చెప్తె ఇంటరా మీరు?"

ఆయన అరగంటకోసారి ఆమె నుదురు తాకి చూశాడు. ఒకసారి వెచ్చగా అనిపించింది. తన చెయ్యే చల్లబడిందేమో తెలియలేదు.

రెండున్నరకు స్ట్రెచర్ వచ్చింది. ఎంతసేపు పడుతుంది, ఎవరు చేస్తారు అని అడగబోయి మానుకున్నాడు. తలుపు దాకా వెంట నడిచాడు. నర్సు ఆగమన్న చోట ఆగాడు.