పదిహేడో రిఫరెన్సు

జర్నల్ వాళ్లు వనజ వ్యాసాన్ని తిప్పి పంపారు. వాళ్లు తప్పు పట్టింది లోపలి పరిశోధనను కాదు, చివర ఉన్న రిఫరెన్సులను. ఇంటిపేరు ముందుండాలట, సంవత్సరం దాని పక్కనే రావాలట, పత్రిక పేరు వాలు అక్షరాల్లో ఉండాలట, పేజీ నంబర్ల మధ్య గీత ఇంత పొడవే ఉండాలట. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు కూడా ఇన్ని వంకలు పెట్టరు. సోమవారం కల్లా సరిచేసి పంపితే సరే, లేకపోతే మళ్లీ మొదటి నుంచి రమ్మన్నారు.

వనజ ఎమ్మిగనూరులో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతూ, ఆదోనిలో వీరన్న సార్ దగ్గర పిహెచ్‌డీ చేస్తోంది. ఈ వ్యాసం అచ్చయితేనే ఆమె థీసిస్ తీసుకుంటారు. అందుకని పంతం పట్టి కూర్చుంది. ఒక్కో రిఫరెన్సుకు అసలు వ్యాసం తెరిచి, పేరూ సంవత్సరమూ పేజీలూ సరిచూసుకుంటూ పోయింది. విసుగు పుట్టించే పనే. కానీ తొందరలో దాటేసినవన్నీ ఇలాంటి పనిలోనే కంటపడతాయి.

వాటిలో పదకొండు సార్ వ్యాసాలే. గుడికి పోయేవాళ్లు కొబ్బరికాయ పట్టుకుపోయినట్టు, సార్ శిష్యులంతా సార్ వ్యాసాలన్నీ చివర పేర్చుకోవడం అక్కడ ఆనవాయితీ. పత్తి పురుగుల మీద తను రాసిన వ్యాసంలో చేపల చెరువుల మీద సార్ రాసింది కూడా ఉంది. దాన్నీ ఓర్చుకుంది. పదిహేడో నంబరు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆమె చెయ్యి ఆగిపోయింది.

అది సార్‌కు పేరు తెచ్చిన పాత వ్యాసం. పత్తి చేను చుట్టూ బెండ వరస వేస్తే కాయలు తొలిచే గులాబీ రంగు పురుగు బెండ మీదికి పోతుంది, పత్తి బతుకుతుంది అని అందులో తేల్చాడు. వనజ ఎమ్మిగనూరు చేలల్లో మూడేళ్లు కాయలు కోసి చూసింది. పురుగు బెండ మీదికి పోయేది నిజమే. బెండ ముదరగానే, అక్కడ పెరిగిన సంతానంతో సహా పత్తి మీదికి వచ్చి పడేది. ఆ మాటే రాసింది. పంపే ముందు సార్ దాన్ని మార్చేశాడు. "బెండ వరస మేలు చేస్తుందని ఇదివరకే తేలింది, ఈసారి వానలు సరిగా లేక ఫలితం స్పష్టం కాలేదు" అని రాసి, పక్కన పదిహేడు అంకె వేశాడు. అప్పుడు వనజ నోరు మెదపలేదు. ఇప్పుడు ఆ అంకెను చూస్తుంటే ఒళ్లు మండింది.

మర్నాడే ఆదోని పోయి సార్ ముందు నిలబడింది.

"సార్, ఆ వాక్యం నేను రాసినట్టే పెడతా. మీ వ్యాసం తీసేయను. దానికి విరుద్ధంగా వచ్చిందని సెప్తా."

వీరన్న సార్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నిన్ను గీతలూ చుక్కలూ దిద్దమన్నారు. అవి దిద్దు. ఆ వాక్యం జోలికి పోవద్దు."

"వానలు బాగానే పడినాయి కదా సార్."

"అట్లయితే నా పేరు తీసేసి పంపుకో పో."

గైడు పేరు లేకపోతే ఆ వ్యాసం థీసిస్‌కు పనికిరాదు. అది ఇద్దరికీ తెలుసు. వనజ బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని కోపంతో ఏడ్చింది. కానీ ఇల్లు చేరగానే ఆ వాక్యాన్ని తను మొదట రాసినట్టే రాసి పెట్టింది. పంపడమొక్కటే మిగిలింది.

అప్పటికి ఉగాది దాటింది. ఇద్దరిదీ కైరుప్పలే కాబట్టి పిడకల సమరానికి ఇద్దరూ ఊరికి వచ్చారు. కాళికమ్మను పెళ్లాడతానని మాటిచ్చి వీరభద్రస్వామి జాప్యం చేశాడని, అమ్మవారి వైపు వాళ్లు ఆయనను పిడకలతో కొట్టారని ఊళ్లో చెప్పుకుంటారు. ఏటా ఊరు రెండుగా చీలి ఒకరినొకరు పిడకలతో కొట్టుకుంటుంది. దెబ్బ తగిలినవాళ్లు గుళ్లో విభూతి పూసుకుని ఇళ్లకు పోతారు. అక్కడితో సరి, దాని మీద పగ పెట్టుకోకూడదు.

సార్ వాళ్లు స్వామి వైపు, వనజ వాళ్లు అమ్మవారి వైపు. దుమ్ములో కేకలు, ఈలలు. తలకు తువ్వాలు చుట్టుకుని సార్ కుర్రాడిలా ముందుకొస్తున్నాడు. వనజ చేతికందిన పిడకల్లో పెద్దది ఏరుకుని, గురి చూసి విసిరింది. అది సార్ భుజానికి తగిలి పగిలింది. పాపభీతి ఏమీ కలగలేదు, పైగా చాలా హాయిగా అనిపించింది.

సాయంత్రం గుడి దగ్గర భుజానికి విభూతి పూసుకుంటూ సార్ కనిపించాడు. వనజను చూసి దగ్గరికి పిలిచాడు.

"కొట్టింది ఎవురో సూసినా," అన్నాడు.

"సూడాలనే కొట్టినా సార్."

ఆయనకు నవ్వొచ్చింది. "సరే, విభూతి పెట్టుకున్న్యాం. ఇంక ఆ సంగతి కూడా ఇడిసిపెట్టు."

"పగ ఇడిసిపెట్టినా సార్. వాక్యం ఇడిసిపెట్టను."

సార్ నవ్వు పోయింది. "నా ఇరవయ్యేండ్ల పేరమ్మా అది. నీకేం పోతాంది, ఒక్క వాక్యం అట్లుంటే?"

"మా సిన్నాయన తిరుపాల్ దేవనకొండ కాడ పత్తి ఏస్తాడు. పోయిన రెండేండ్లూ సుట్టూ బెండ ఏసి పంట పోగొట్టుకున్న్యాడు. ఈసారీ గింజలు తెచ్చి పెట్టుకున్న్యాడు. ఎందుకు సిన్నాయనా అంటే, వీరన్న సార్ సెప్పినాడు కదా అంటాండాడు. ఆయప్ప మీ వ్యాసం సదవలేదు సార్. మీ పేరు మాత్రం తెలుసు."

సార్ తన చేతిలో మిగిలిన విభూతిని గుడి గోడకు తుడిచాడు.

"ఫైలు పంపు," అని మాత్రం అని వెళ్లిపోయాడు.

ఆదివారం పంపింది. సార్ పేరు తీసేసుకుంటే ఏం చెయ్యాలో కూడా ఆలోచించి పెట్టుకుంది. థీసిస్ ఇంకో ఏడాది ఆగితే ఆగనీ, ఆ వాక్యం మాత్రం మారదు.

సోమవారం పొద్దున, ఎమ్మిగనూరులో క్లాసుకు పోబోతుండగా ఫైలు తిరిగొచ్చింది. ముందు రచయితల పేర్లు చూసింది. సార్ పేరు ఉంది. తర్వాత చివరికి పోయింది. సార్ వ్యాసాలు పదీ ఎగిరిపోయాయి, చేపల చెరువులతో సహా. బెండది ఒక్కటే మిగిలింది. ఆ రోజు చెయ్యి ఆగిపోయి ఆమె చూడకుండా వదిలిన దాని పేజీ నంబరు కూడా ఆయనే దిద్దాడు. పైన ఆ వాక్యంలో, సార్ ముందు ఎంత గట్టిగా అన్నా రాసేటప్పుడు ఎంతైనా గైడు కదా అని ఆమె "కొంత భిన్నంగా" అని మెత్తగా రాసిన చోట, సార్ కొట్టేసి "విరుద్ధంగా" అని పెట్టాడు.

వనజ కళ్లు తుడుచుకుని, అంకెలన్నీ మళ్లీ వరసలో పెట్టి, జర్నల్‌కు పంపేసింది. అప్పుడు ఫోన్ మోగింది.

"పంపినావా?" అన్నాడు సార్.

"పంపినా సార్."

"సరే. మీ సిన్నాయనకు సెప్పు. ఆ బెండ గింజలు పెరట్లో కూరకు ఏసుకోమను, పత్తి సుట్టూ వద్దను." ఫోన్ పెట్టేయబోయి మళ్లీ అన్నాడు, "ఎవురు సెప్పినారంటే నా పేరే సెప్పు."