ఆటలాడిన ఒళ్ళు

"ఆటలాడిన ఒళ్ళు కదమ్మా నీది. తట్టుకుంటాది" అంది అత్త బొడ్డమ్మ.

సుధారాణి అప్పుడు ఆనపకాయ ముక్కల గిన్నె వంచి నీళ్ళు వారుస్తోంది. మొగుడికి వండే ఏ కూరనైనా ఒకసారి ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ కొత్త నీళ్ళు పోసి ఉడికించాలి. అందులో ఉన్న ఉప్పులు దిగిపోవాలని డయాలసిస్ దగ్గర నర్సమ్మ చెప్పింది. ఉప్పులతో పాటు రుచి కూడా దిగిపోతుంది. ఆ తప్పు మాత్రం వండినదానిదే. "నీ చేతి కూరలో ఏటీ నేదే" అంటాడు ఢిల్లేశ్వరరావు. రెండేళ్ళ నుంచి పూటపూటా అంటున్నాడు, అదే మొదటిసారి అన్నట్టు. అతనికి రోజుకు లీటరు నీళ్ళే. ఆ లీటరూ సీసాలో పోసి, ఇంట్లో ఉన్నంతసేపూ గంటగంటకూ గ్లాసుతో అందించి, ఎక్కువ అడిగితే తిట్లు తిని, ఎనిమిదింటికి కాశీబుగ్గ ఆటో ఎక్కుతుంది. సాయంత్రం దాకా జీడిపప్పు బట్టీలో కాలితో మిషన్ తొక్కి పిక్కలు చీలుస్తుంది. చేతులకు ఆముదం రాసుకున్నా జీడి రసం తినేయవలసింది తినేసింది. రేషన్ బండి దగ్గర వేలు పెడితే మిషన్‌కి ఆమె వేలిముద్ర కనపడదు. ఇన్నీ చేసి ఇంటికొస్తే, వచ్చిన చుట్టాలతో అత్త చెప్పే మాట ఒకటే: "మా కోడలేటి, ఇంటికాడే ఉంటాది."

ఇవాళ ఆ నోట ఆట అన్న మాట మెచ్చుకోలుగా వచ్చింది. గిన్నె వంచిన చేయి అలాగే ఉండిపోయింది. వేడినీళ్ళు కాలి మీద పడ్డాక గానీ ఆమెకు తెలియలేదు.

ఈ ఇంట్లో కాలుపెట్టిన మొదటి వారంలోనే ఆమెకు 'సెడ్డీ కోడలు' అని పేరు పెట్టారు. ఆమె పుట్టిందీ ఈ ఊళ్ళోనే. ఇంటర్ చదివేటప్పుడు టెక్కలిలో జిల్లా కబడ్డీ పోటీలు జరిగితే వీళ్ళ ఊరి ఆడపిల్లలు గెలుచుకొచ్చారు. అన్నదమ్ముల నిక్కర్లు అడిగి తెచ్చుకుని, నడుముకు పురికొస కట్టుకుని ఆడారు. సుధారాణి ఎడమ మూల. పక్కన గౌరి. మూల పిల్ల చేయి పక్కపిల్ల పట్టుకుని ఉండాలి. అవతలి పిల్ల కూతకొచ్చి వెనక్కి తిరిగేలోపు మూల పిల్ల మడమ పట్టాలి, పక్కపిల్ల మీద పడాలి. ఇద్దరిలో ఎవరు ముందు కదలాలో నోటితో చెప్పుకోవడం ఉండదు. వేళ్ళు నొక్కితే చాలు. ఆ ఫైనల్ చూడడానికి ఊరి మగవాళ్ళ జట్టు కూడా వచ్చింది. అందులో ఢిల్లేశ్వరరావు ఉన్నాడు. "నీ పట్టు సూసి పడిపోనాను సుదా" అని పెళ్ళిచూపుల్లో పెరట్లో నిలబడి చెప్పాడు. రాష్ట్ర పోటీలకు ఆమె పేరు వచ్చిన నెలలోనే పెళ్ళి. "ఇంకెవుడి కాలు పట్టుకుంతావు? నా కాలు పట్టు, సాలు" అన్నాడు పెళ్ళయ్యాక. నవ్వుతూనే అన్నాడు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు ఒంటి మీద గొంగళి పాకినట్టుంటుంది.

ఊరు మారిందంటారు. మారింది. వీళ్ళు ఆట నేర్చుకున్న హైస్కూలు గ్రౌండ్‌లోనే ఇప్పుడు ఆడపిల్లలు బూట్లేసుకుని మ్యాట్ మీద ఆడుతున్నారు. గెలిచొస్తే రోడ్డు మీద వాళ్ళ బొమ్మలతో ఫ్లెక్సీలు కడుతున్నారు. ఫ్లెక్సీలో నిలబడ్డ ఎమ్మార్వో ఆఫీసు మనుషుల తలలు పిల్లల తలలకంటే పెద్దవిగా ఉంటాయి, అది వేరే సంగతి. టీవీలో కబడ్డీ వస్తే బొడ్డమ్మ కూడా చప్పట్లు కొడుతుంది. మిగలనిదేమిటంటే ఆ మగవాళ్ళ జట్టు. ఇంట్లో గోడ మీది జట్టు ఫొటోలో పన్నెండు మంది ఉన్నారు. ఒక్కొక్కరికీ కిడ్నీలు పోయాయి. నీళ్ళో, ఎండో, నేలో, ఏదో కారణం, వచ్చిన ప్రతి డాక్టరూ ఒక్కో మాట చెప్పి వెళ్ళాడు. ఇప్పుడు ఊళ్ళో నలుగురే తిరుగుతున్నారు. అందులో ఇద్దరు వారానికి మూడుసార్లు పలాస వెళ్ళి రక్తం కడిగించుకుని వస్తారు. ఆ ఇద్దరిలో ఒకడు ఢిల్లేశ్వరరావు. మిగిలిన ఇద్దరిలో ఒకడు తవిటయ్య, గౌరి మొగుడు.

తవిటయ్యను పిలిపించింది మరిది త్రినాథరావు. కిడ్నీ మార్పిస్తే బాగుంటుందని విశాఖ డాక్టర్లు అన్న దగ్గర్నుంచీ ఇంట్లో ఈ లెక్కే. బొడ్డమ్మకు సుగర్. సుధారాణి కూతురు యామినిది బరంపురంలో కాపురం, నెలలు నిండుతున్నాయి. త్రినాథరావుది అన్న బ్లడ్ గ్రూపే. అతన్ని ఎవరూ ఏ పరీక్షకూ తీసుకెళ్ళలేదు. "ఆడు బయట తిరిగి పని సేసుకునేవోడు" అంది బొడ్డమ్మ. సుధారాణిని మాత్రం ఆరుసార్లు విశాఖ తిప్పి అన్ని పరీక్షలూ చేయించారు. అన్నీ సరిపోయాయి. ఆ కాగితాలు పట్టుకుని త్రినాథరావు, "వదినా, ఫస్ట్ క్లాసులో పాసైపోనావు" అన్నాడు.

తవిటయ్య ఆదివారం మధ్యాహ్నం బండి మీద వచ్చాడు. నున్నగా ఉన్నాడు. బుగ్గలు వచ్చాయి. అరుగు మీద కుర్చీ వేస్తే కూర్చుని, చొక్కా కొంచెం పైకెత్తి కుడివైపు పొట్ట కింద మచ్చ చూపించాడు.

"ఇదిగో, ఇక్కడే పెట్టినారు. పెద్ద ఇసయం కాదు సెల్లీ. అవుతలోలకైతే మరీ సులువు. మా గౌరి ఇంటికొచ్చిన పదో రోజుకి పొయ్యి కాడికి ఎల్లిపోనాది. నాకే కదా వొండాల."

"ఇన్నావా?" అంది బొడ్డమ్మ, సుధారాణి వైపు తిరిగి. "పదో రోజుకే!"

"మంచినీల్లియ్యి సెల్లీ. నన్ను బాగా తాగమన్నారు."

సుధారాణి గ్లాసు తెచ్చింది. ఇస్తూ ఆ మచ్చ వైపే చూసింది. గౌరి చనిపోయి నాలుగేళ్ళు. కిడ్నీ ఇచ్చిన అయిదో ఏట, మిగిలిన ఆ ఒక్కదానికీ ఊరి జబ్బే వచ్చింది. ఆమెకు ఇవ్వడానికి ఎవరి ఒళ్ళూ సరిపోలేదు, అంటే ఎవరూ పరీక్ష చేయించుకోలేదు. ఆఖరి నెలలో చూడ్డానికి వెళ్తే గౌరి వాచిపోయిన చేత్తో ఆమె చేయి పట్టుకుని నవ్వింది. "ఒలే సుదా, సూసినావా? ఆడికిచ్చింది బెమ్మాండంగా పని సేత్తన్నాదట. నా కాడున్నదే మొండికేసినాది." గౌరి పోయిన ఎనిమిదో నెలకు తవిటయ్య మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఊరంతా వెళ్ళి భోజనాలు చేసి వచ్చింది. బొడ్డమ్మ కూడా.

గౌరి ఎక్కడికీ పోలేదని సుధారాణికి ఆ అరుగు మీద తెలిసింది. ఆమెను కాల్చారు, ఎముకలు ఏరారు, కర్మ చేశారు. ఆమెలో పిడికెడు ముక్క మాత్రం ఇంకా వెచ్చగా, ఎర్రగా, ఈ మనిషి చొక్కా కింద పని చేస్తూనే ఉంది. అతను కొత్త పెళ్ళాం పక్కన పడుకున్నప్పుడూ పని చేసింది. ఇప్పుడు ఈ అరుగు మీద, గౌరి ఎంత సులువుగా ఇచ్చిందో అతను చెప్తూ ఉంటే, అతని నోరు ఎండిపోకుండా పని చేస్తోంది. జీతం లేని పని అంటే ఇదే. చచ్చినా సెలవు లేదు.

"ఇంకో గ్లాసు ఇత్తాను, ఉండండి" అంది సుధారాణి.

"సాలమ్మా."

"తాగండి. దానికి దాహమేస్తాది."

తవిటయ్య అర్థం కాక నవ్వాడు. గ్లాసు తిరిగి అందుకుంటుంటే ఆమె ఎడమచేతి వేళ్ళను ఎవరో గట్టిగా నొక్కినట్టయింది. చూసుకుంటే చేతిలో ఏమీ లేదు. ఆ రోజు నుంచి ఆ నొక్కుడు వదల్లేదు. మిషన్ తొక్కుతున్నప్పుడు, బట్టలు పిండుతున్నప్పుడు, ఆటోలో కడ్డీ పట్టుకున్నప్పుడు వేళ్ళ మధ్య వేళ్ళు. గౌరి ఏం చెప్తోందో మాత్రం తెలియదు. పట్టమనా, వదలమనా?

బుధవారం డయాలసిస్ అయ్యాక ఆటోలో మొగుడూ పెళ్ళాం ఇద్దరే వెనక్కి వస్తున్నారు. అతను చేతికి కట్టుతో, రక్తమంతా మార్చుకున్న మొహంతో, ఆమె భుజానికి ఆనుకుని ఉన్నాడు. ఆ బరువు మీద ఆమెకు కోపం లేదు. ఇరవై రెండేళ్ళ బరువు. మోయడం అలవాటైన భుజం.

"మావా, ఒక మాట అడుగుతాను. నిజం సెప్పు."

"ఏటి?"

"ఈ జబ్బు నాకొచ్చి ఉంటే, నీది సరిపోనాదంటే, నువ్విద్దువా?"

రోడ్డుకు రెండువైపులా కొబ్బరి తోటలు వెనక్కి వెళ్తున్నాయి. ఒక ఊరు దాటింది. నీళ్ళ ట్యాంకు దాటింది. ఇక జవాబు రాదనుకుంది.

"ఇయ్యనేమో సుదా" అన్నాడు. "అబద్దమెందుకు? నాకు కత్తంటే బయం. చిన్నప్పటి నుంచీ బయమే."

ఆమెకు ఆశ్చర్యంగా కోపం రాలేదు. కాపురంలో అతను ఆమెతో ఇంత నిజం ఎప్పుడూ చెప్పలేదు. ఆ క్షణాన అతని తల నిమరాలనిపించింది. చేయి ఎత్తింది కూడా. అతను కళ్ళు మూసుకుని, ఊరట పడ్డవాడిలా మాట పూర్తి చేశాడు.

"నువ్వు అలక్కాదు. నీకు బయం నేదు. నిన్ను గ్రౌండ్‌లో సూసినాను కదా."

ఎత్తిన చేయి ఒళ్ళో పెట్టుకుంది. అంటే అతనికి భయపడే హక్కు ఉంది. తనకు లేదు. ఎప్పుడో పద్దెనిమిదేళ్ళప్పుడు ఒక మట్టి గ్రౌండ్‌లో పదిమంది ముందు భయపడకుండా నిలబడింది కాబట్టి, ఆ ఆటను వాళ్ళే మాన్పించి, ఇప్పుడు ఆ ధైర్యాన్ని కడుపు కోసి ఇమ్మంటున్నారు. తనకు భయం ఉందా? ఆమె వెతుక్కుంది. ఉంది. కత్తి భయం కాదు. పదో రోజున పొయ్యి దగ్గర నిలబడాల్సి వస్తుందన్న భయం. తన ముక్క తను లేని చోట, తనను మరిచిపోయిన వాడిలో, ఏళ్ళ తరబడి కూలి చేస్తూనే ఉంటుందన్న భయం.

శుక్రవారం విశాఖ. ఆపరేషన్‌కు ముందు దాతను ఒంటరిగా కూర్చోబెట్టి అడుగుతారట. వీడియో కూడా తీస్తారట. వరండాలో త్రినాథరావు రెండుసార్లు ఒప్పచెప్పించాడు. "నా ఇష్టంతోనే ఇత్తన్నాను, ఎవులూ బలవంతం సెయ్యనేదు. అంతే వదినా. కొంచెం నవ్వుతూ సెప్పు. మొహం అలగ పెట్టుకుంటే ఆల్లకు అనుమానమొస్తాది." బొడ్డమ్మ ఆమె జడ సరిచేసింది. ఢిల్లేశ్వరరావు వీల్‌ఛైర్‌లోంచి చూశాడు. ఆ చూపులో ఆశ ఉంది. డయాలసిస్ మీద ఎన్నేళ్ళుంటాడో ఎవరూ చెప్పరు. ఆ ఫొటోలోని వాళ్ళలో కొందరు ఎనిమిదేళ్ళున్నారు, ఒకడు ఎనిమిది నెలలే ఉన్నాడు. ఆ సంగతి తెలిసే ఆమె లోపలికి నడిచింది.

లోపల బల్ల వెనక ముగ్గురు. మధ్యలో నెరిసిన జుట్టు డాక్టరమ్మ. కూర్చోమంది. పేరు అడిగింది, ఊరు అడిగింది. తర్వాత పెన్ను కింద పెట్టి అడిగింది.

"సుధారాణిగారూ, ఇది మీరు మీ ఇష్టంతోనే ఇస్తున్నారా?"

ఒప్పచెప్పిన మాటలు నాలుక మీదికి వచ్చాయి. ఎడమచేతి వేళ్ళ మధ్య నొక్కుడు వచ్చింది, చాలా గట్టిగా, ఆ తర్వాత పూర్తిగా వదిలేసింది. చేయి తేలికైపోయింది. గౌరి చెప్పాల్సింది చెప్పేసిందో, ఇక నీ ఇష్టమని వెళ్ళిపోయిందో. ఎడమ మూలలో ఆమె ఒక్కతే ఉంది.

"ఆ మాట నన్నెవులూ అడగనేదమ్మా. మీరే మొదలు" అంది. "ఇష్టం నేదు. ఇయ్యను."

డాక్టరమ్మ పక్కనున్న అబ్బాయికి సైగ చేసి కెమెరా ఆపించింది. అరవలేదు, ఆశ్చర్యపోలేదు. కుర్చీ ముందుకు లాక్కుని గొంతు తగ్గించింది.

"మంచిదమ్మా. ఇవ్వనని చెప్పే హక్కు మీకుంది. బయట మీవాళ్ళకు మీరేం చెప్పనక్కర్లేదు. ఇంట్లో గొడవ కాకుండా మేమే చెప్తాం, పరీక్షల్లో ఏదో తేడా వచ్చింది, మీ కిడ్నీ పనికిరాదు అని. మీ మీదికి ఏ మాటా రాదు. చాలామందికి ఇలాగే చేస్తాం."

తలుపు తెరిచే ఉన్నట్టయింది. ఎంత సులువు! బయటికి వెళ్ళి కళ్ళు తుడుచుకుంటే చాలు. బొడ్డమ్మ నెత్తి కొట్టుకుంటుంది, త్రినాథరావు తల దించుకుంటాడు, మొగుడు ఆమెను ఓదారుస్తాడు కూడా. కాపురం నిలబడుతుంది. రేపట్నుంచి మళ్ళీ రెండుసార్లు ఉడికించిన కూర, సీసాలో లీటరు నీళ్ళు, ఆటో. అవి ఆమె ఎలాగూ చేస్తుంది, చేయనని అనలేదు. ఊళ్ళో మాత్రం ఇంకో మాట పుడుతుంది. 'ఆడదాని ఒంట్లోనే ఏదో లోపమట' అని. నిక్కరు వేసుకున్న రోజు నుంచి ఆ ఒంటి మీద పడ్డ మాటలన్నిటి పైనా ఇదొకటి. మొగుడు బతకాలంటే కావాల్సినవాడు ఇంకొకడు, అతని తమ్ముడు, బయట వరండాలో, అదే రక్తంతో, ఏ పరీక్షా లేకుండా కూర్చునే ఉంటాడు. ఆమె పనికిరాదంటే అందరూ ఏడ్చి ఊరుకుంటారు. ఆమె ఇవ్వనందంటే, అప్పుడు గానీ అతని వైపు తల తిప్పి చూడరు.

"వొద్దమ్మా" అంది సుధారాణి. "నాది బాగున్నాది. బాగున్నాదనే సెప్పండి."

డాక్టరమ్మ పెన్ను మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "ఆ తర్వాత వాళ్ళు ఊరుకోరు. తెలుసు కదా?"

సుధారాణి కుర్చీలోంచి లేవలేదు.

"తెల్సు. ఆల్లని లోపలికి పిలవండి. నేనే సెప్తాను."