తీగ కింద బస్సు

శ్రావణమాసంలో ఒక ఆదివారం మా నాచారం గల్లీవాళ్లమంతా కలిసి, నగరం చూపించే పైకప్పు లేని బస్సు మాట్లాడుకున్నాం. ఉప్పల్ మీదుగా చార్మినార్, గోల్కొండ, సాయంత్రానికి ట్యాంక్‌బండ్. బస్సు మెయిన్ రోడ్డు మీదే ఆగుతుందన్నారు. కానీ మా అత్తమ్మ సత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, అంత దూరం నడవలేదు. బస్సును గల్లీలోకి తెమ్మని మా ఆయన కనకరాజు డ్రైవర్‌ను బతిమాలాడు.

"తీగలు కిందికున్నయన్నా. మీద మనుషులు కూసుంటరు," అన్నాడు డ్రైవర్.

"నేనున్న గద. మా గణపయ్య నీ బస్సుకన్న ఎత్తు. ఏటేటా తీగలెత్తి సాగదోలేది నేనే."

అది నిజమే. నిమజ్జనం రోజు లారీ మీద నిలబడి, వెదురు కట్టెతో తీగలు పైకెత్తి విగ్రహాన్ని గల్లీ దాటించేది ఆయనే. ఇన్నేళ్లలో ఆయనకు చిన్న గాయం కూడా కాలేదు. స్వామి చూసుకుంటాడని ఆయన నమ్మకం. నాదీ అదే.

అత్తమ్మను ఇద్దరు పట్టుకుని పైకి ఎక్కించారు. ఆమె సీట్లో కుదురుకుని, కట్టె పట్టుకుని నిలబడ్డ కొడుకును చూసింది.

"ఇంట్ల బియ్యం మూట జరపమంటె నడుం నొప్పంటడు. గీడ సూడున్రి హుషారు."

అందరూ నవ్వారు. బస్సు కదిలింది. మబ్బు పట్టి ఉంది.

అంత ఎత్తు నుంచి మా గల్లీ నాకే కొత్తగా కనిపించింది. మేడల కిటికీలు మా కళ్లకు సమంగా వచ్చాయి. కేబుల్ తీగలు, ఇంటర్నెట్ తీగలు, కరెంటు తీగలు ఒకదానికొకటి చుట్టుకుని వేలాడుతున్నాయి. ఆయన ఒక్కో గుత్తినీ ఎత్తి, మా తలల మీదుగా వెనక్కి నడిచి వదులుతున్నాడు. వదిలినప్పుడల్లా వెనకవాళ్లు గణపతికి జై కొడుతున్నారు.

మలుపు దగ్గర ఒక మేడగదిలో ఎవరో మంచం మీద పడుకుని ఉన్నారు. పైన ఫ్యాను తిరుగుతోంది. పరాయి ఇంట్లోకి చూడకూడదని తల తిప్పుకున్నాను. మళ్లీ అటే చూశాను.

నిమజ్జనం రోజు మా ఇంట్లో ఫ్యాను తిరగదు. పులిహోరలోకి నువ్వులపొడి పొద్దున్నే మిక్సీ పట్టుకుంటాను, ఊరేగింపు కదిలాక కరెంటు ఉండదు కనక. ఎవరు తీస్తారో, ఎందుకు తీస్తారో ఎన్నడూ ఆలోచించలేదు. లారీ మీద ఉండే ఆయనకు ఇంట్లో కరెంటు పోయిన సంగతే తెలియదు.

మరి ఇన్నాళ్లూ ఆయన్ను కాపాడింది స్వామా, కరెంటు ఆపినవాడా? ఆ మనిషితో ఆపించింది స్వామే అనుకోవచ్చు. కానీ ఇవాళ ఎవరు ఆపారు?

"ఇగో, ఎత్తకు. తీగలల్ల కరెంటున్నది," అని అరిచాను.

అప్పటికే ఒక గుత్తి కట్టె మీదికి, అత్తమ్మ తల పైకి వచ్చింది. అందులో ఒక తీగ తొడుగు ఊడి మెరుస్తోంది.

"ఎప్పుడుండదే కరెంటు," అని ఆయన నవ్వాడు.

"నిమజ్జనం నాడు ఉండదు. బంద్ జేస్తరు. ఇంట్ల ఉండేదాన్ని, నాకు ఎరకే."

ఆయన నవ్వు ఆగిపోయింది. మెట్ల దగ్గరి వాళ్లు కేకేస్తే డ్రైవర్ బస్సు ఆపాడు.

"వదలకన్నా," అన్నాడు కింది నుంచి. "బండి ఇనుముకు తాకితే అందరం పోతం. ముందు జనాన్ని దిగనియ్యి."

ఒక్కొక్కరే వంగి మెట్లు దిగారు. అత్తమ్మను లేపడానికి ఇద్దరు వచ్చారు. ఆమె ఇప్పుడు వేళాకోళం ఆడలేదు.

"చేతులు గుంజుతున్నయా కొడుకా," అంది.

"నువ్వైతె దిగవే అమ్మా."

చినుకులు మొదలయ్యాయి. కింద ఎవరో కరెంటాఫీసుకు ఫోన్ చేస్తున్నారు. ఎత్తుతలేరు, ఎత్తుతలేరు అంటున్నారు. కట్టె మీది నుంచి నీళ్లు సన్నగా ఆయన చేతుల వైపు దిగుతున్నాయి.

"అందరు దిగిన్రా?" అని అడిగాడు, తీగ మీద నుంచి చూపు తిప్పకుండా.

"దిగిన్రు," అన్నాను, ఆయన వెనక సీట్ల మధ్య వంగి నిలబడి.

"నువ్వు?"

నేను మెట్ల వైపు కదలలేదు. ఆయన కట్టె దించలేదు. వాన పెద్దదైంది.