పాత స్టిక్కు, కొత్త స్టిక్కు

మునికృష్ణ మెమరీ స్టిక్కు అంచును పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్దుతున్నాడు. నల్లబడిన పసుపు గీతలు మెరిశాక, నోటితో ఊదితే తడి తగులుతుందని చిన్న బ్రష్షుతో దులిపాడు. ఆయన వేళ్ల నిండా టంకం కాల్చిన మచ్చలే. చెన్నై తిరువొత్తియూరులో మొదట రేడియోలు, తర్వాత టీవీలు, ఆ తర్వాత కంప్యూటర్లు. ఏవి పాతబడితే అవి ఆయన దగ్గరికి వచ్చేవి. అరవై మూడేళ్లలో కొత్త పెట్టె విప్పిన రోజులు తక్కువ.

పక్కన దమయంతి నిలబడి చూస్తోంది. వాళ్లున్న ప్రింటింగ్ ప్రెస్సులో తెలుగు పెళ్లిపత్రికలు కంపోజ్ చేసేది ఆమె ఒక్కతే. పోయిన వారం యజమాని మోహన్‌రాజ్ ఎక్కడో కొన్న పాత మెమరీ స్టిక్కును కంప్యూటర్లో ఉన్న కొత్తదాని పక్కన పెట్టించాడు. అప్పటి నుంచి గంటకోసారి తెర బిగుసుకుపోతోంది. తీసేస్తే ఫోటోలున్న పత్రికలు తెరుచుకోవు.

"ఈపొద్దు కూడా ఆగిపోతే మిషన్ అమ్మేసి తెలుగు పనే మానేస్తానంటా ఉండాడన్నా," అంది దమయంతి. ఇల్లు ఆ జీతం మీదే నడుస్తోందని ఆమె చెప్పలేదు. ఆయనకు తెలుసు.

ఒక్కొక్క స్టిక్కునే పెట్టి చూశాడు. విడిగా రెండూ బాగానే ఉన్నాయి. చోట్లు మార్చాడు. కలిపితే మళ్లీ అదే తంతు. అప్పుడు సెట్టింగుల్లోకి వెళ్లాడు. మామూలుగా కంప్యూటరే నెమ్మదిగా ఉన్నదాని వేగానికి దిగుతుంది. ఎవరో చేత్తో వేగం పెంచి వదిలేశారు.

"పాతది అంత పరిగెత్తలేదమ్మా. కొత్తదాన్ని రోంత తగ్గిస్తే సరిపోతాది," అన్నాడు.

తగ్గించి పరీక్ష నడిపించాడు. అది రెండు గంటలు సాగుతుంది. మామూలుగా అయితే ఇంకో ఇంటికి వెళ్లొచ్చేవాడు. ఆ రోజు కుర్చీలోనే ఉండిపోయాడు. ఎడమ భుజం పదేపదే నొక్కుకుంటుంటే డాక్టరు దగ్గరికి పొమ్మని ఆమె రెండుసార్లు చెప్పింది. తన టిఫిన్‌లోని పెరుగన్నం సగం మూతలో పెట్టిచ్చింది. భార్య పోయాక ఇంకొకరి చేతి అన్నం తినడం అరుదైపోయిందని అంటూ చివరి మెతుకు దాకా తిన్నాడు.

పరీక్షలో ఒక్క తప్పూ రాలేదు. సాయంత్రం దాకా దమయంతి పత్రిక మీద పనిచేసింది. తెర ఆగలేదు. మోహన్‌రాజ్ వచ్చి కాసేపు నిలబడి చూసి, ఇంకో రెండు పత్రికల కాగితాలు ఆమె బల్ల మీద పెట్టి వెళ్లాడు. కాఫీ తెస్తానని ఆమె లోపలికి వెళితే మునికృష్ణ కంప్యూటరు కేబినెట్ మూత బిగించాడు.

"రేపొచ్చి ఒగ తూరి చూస్తా. ఇంగ నిమ్మళంగా పని చేసుకో," అని, కాఫీ తాగి స్టేషనుకు నడిచాడు.

ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నాడు. రెండు రైళ్లు వచ్చి పోయాయి. ఊడుస్తూ వచ్చినావిడ పెద్దాయన నిద్రపోయాడనుకొని భుజం తట్టింది.

మర్నాడు పొద్దున మునికృష్ణ శ్రద్ధాంజలి పోస్టరు పని ఆ ప్రెస్సుకే వచ్చింది. తమిళ వాక్యాల కింద, ఎవరూ అడక్కపోయినా, దమయంతి ఆయన పేరును తెలుగులో పెట్టింది. అచ్చుకు పంపి, కంప్యూటరు ఆపబోతూ వంగినప్పుడు కేబినెట్ పక్కన అంటించిన తెల్ల టేపు ముక్క కనిపించింది. మునికృష్ణకు తెలుగు మాట్లాడటమే వచ్చు, రాయడం రాదు. టేపు మీద బాల్‌పెన్నుతో, వంకర తమిళ అక్షరాల్లో తెలుగు మాటలు: "రెండూ బాగుండాయి. వేగం పెంచొద్దు."