నల్ల సిరా కింద అమ్మ పేరు

వెల్ఫేరు ఆఫీసు కౌంటరు అద్దం కింది సందులోంచి పెద్దమ్మ చిన్నప్పటి ఫైలు కాగితాల కట్ట బయటికి తోశారు. సగానికి పైగా నల్లగా ఉంది. పేర్ల మీద, ఊళ్ల మీద, ఒక్కోచోట పేజీ మొత్తం మీద మందంగా నల్ల సిరా పూసేశారు.

పెద్దమ్మ చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. పొద్దున ఆసుపత్రిలో మిషను మీద రక్తం కడిగించుకుని తిన్నగా ఇక్కడికే వచ్చింది. చేతికి కట్టిన గుడ్డ మీద నెత్తురు ఇంకా ఆరలేదు. ఆమె పేరు రాయను. పోయినవాళ్ల పేరు మా వాళ్లు పలకరు, పలికితే వినరు. ఈ రేవు పట్నంలో, తెల్లవాళ్లకంటే ముందునుంచీ ఈ నేల మీదున్న నల్లవాళ్లందరికీ ఆమె పెద్దమ్మే. మీకూ పెద్దమ్మే అనుకోండి.

"ఇందులో మా అమ్మెక్కడుందే?" అని కుర్చీ తోసుకొచ్చిన నోరీన్‌ని అడిగింది.

నోరీన్ పేజీలు తిప్పింది. తల్లి పేరు అని ఉంది, పక్కన నలుపు. బిడ్డను స్వాధీనం చేసుకున్న చోటు అని ఉంది, పక్కన నలుపు. పోలీసు లారీకి ఎంత పెట్రోలు పోశారో మాత్రం శుభ్రంగా కనపడుతోంది.

"ఇదేంటమ్మా?" అంది నోరీన్ అద్దంలోకి వంగి.

"మూడో వ్యక్తి వివరాలండీ. వాళ్ల అనుమతి లేకుండా ఇవ్వకూడదు," అంది కౌంటరు పిల్ల.

"మూడో మనిషెవరు?" అంది పెద్దమ్మ.

"మీ అమ్మగారండీ."

పెద్దమ్మ నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఎంతకీ ఆగలేదు. "నన్ను కన్నది మూడో మనిషైతే మొదటి మనిషెవరే తల్లీ? నన్ను కాళ్లు పట్టి లారీలోకి విసిరిన పోలీసోడా?"

"ఆవిడ చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం తెండి, ఇచ్చేస్తాం."

"ఆ పత్రం కావాలంటే పేరు చెప్పాలిగా?" అంది నోరీన్.

"చెప్పాలండీ."

"ఆ పేరు మీదేగా నువ్వు సిరా పూసింది?"

"పైకి అప్పీలు పెట్టుకోండి."

ఆ పిల్ల చెడ్డది కాదు. పెద్దమ్మకి మంచినీళ్లు కూడా తెచ్చిచ్చింది. చెడ్డవాళ్లుంటేనే ఇలాంటి ఆఫీసులు నడుస్తాయని ఎవరైనా అనుకుంటే పొరపాటు.

పెద్దమ్మ అడిగింది పెద్ద కోరికేం కాదు. నడక సరిగా రాని వయసులో ఆమెని తల్లి ఒళ్లోంచి లాక్కుని, ఎక్కడో దక్షిణాన ఉన్న హోంలో పడేశారు. తెల్లవాళ్ల ఇళ్లలో పని చెయ్యడానికి పిల్లల్ని తయారుచేసే చోటు అది. ఇప్పుడు ఆమె మూత్రపిండాలు పోయాయి. "మా అమ్మ మట్టేదో చెప్పండ్రా, అందులో పడుకుంటా. ఊరూపేరూ తెలియని వాళ్ల మట్టిలో పడుకుంటే వాళ్లు నన్ను ఎవరు నువ్వంటే ఏం చెప్పను?" అంటుండేది.

అప్పీలు కాగితం ఏ బల్ల మీద ఉందో తెలియదు. పెద్దమ్మ మాత్రం పోయింది.

వెల్ఫేరు ఆఫీసు నుంచి నోరీన్‌కి ఫోనొచ్చింది. అడిగిన మనిషి చనిపోయింది కాబట్టి దరఖాస్తు మూసేశారట. కాగితం ప్రకారం ఆమెకి నా అన్నవాళ్లు లేరట. కాబట్టి శుక్రవారం వెల్ఫేరే ఆమెని పట్నం శ్మశానంలో ఓ మూల పూడ్చిపెడుతుందట.

నోరీన్ ఫోను పెట్టేసింది. చిన్నప్పుడు అదే హోంలో తన తలలో పేలు తీసింది పెద్దమ్మ. జ్వరమొస్తే పక్కలో పడుకోబెట్టుకుంది ఆమె. అది ఏ కాగితంలోనూ లేదు. పెద్దమ్మని తల్లి దగ్గర్నుంచి ఎత్తుకెళ్లిందీ వెల్ఫేరువాళ్లే, ఇప్పుడు మట్టి వేసేదీ వాళ్లేనా?

ఆ సాయంత్రం క్లెమ్ మావయ్య పెరట్లో అందరూ చేరారు. హోంలో పెరిగి ముసలైనవాళ్లు, వాళ్ల పిల్లలు. డబ్బాలో టీ మరుగుతోంది. బూడిదలో కాల్చిన రొట్టె ఎవరూ ముట్టలేదు.

"ఎక్కడో ఒకచోట పూడ్చేద్దామే," అన్నాడు క్లెమ్. "ఆసుపత్రి ఐసుగదిలో ఎన్నాళ్లుంచుతాం? అది మనిషా, చేపా?"

"ఎక్కడపడితే అక్కడ పూడ్చొద్దని నా చెయ్యి పట్టుకుని చెప్పింది మావయ్యా."

"మరి ఏ మట్టో నువ్వు చెప్పు! ఎవడికి తెలుసు?"

"ఒకప్పుడు నాకు తెలుసు," అంది ఐవీ అవ్వ.

ఆమె అందరికంటే పెద్దది. హోంలో పెద్దపిల్లల గుంపులో ఉండేది. అందరూ ఆమె వైపు తిరిగారు.

"దాని తల్లి పోయిందని, ఫలానా చోట పూడ్చారని పశువులు తోలే ఒకాయన హోం కంచె దగ్గరకొచ్చి చెప్పాడు. బట్టలుతికే చోట కూర్చుని ఏడ్చాం. ఇంక ఆ తల్లి పేరు గానీ, ఆ తల్లి చోటు గానీ ఎత్తలేదు. ఎత్తకూడదు కదా. మన ఊళ్లోనైతే దుఃఖం తీరాక పెద్దోళ్లు చెప్తారు, ఇంక పలకొచ్చని. హోంలో పెద్దోళ్లెవరు? మేమే పిల్లలం. పలకమని ఎవరూ అన్లేదు. మేం పలకలేదు." అవ్వ వేళ్లతో పెదాలు తడుముకుంది. "ఇప్పుడు నోరంతా వెతుక్కుంటున్నానే. లేదు. పోయింది."

ఎవరో వెక్కిపడ్డారు. నోరీన్ అవ్వ కాళ్ల దగ్గర కూలబడింది.

"నువ్వు మర్యాద కోసం దాచావవ్వా. వాళ్లు దాచింది మర్యాద కోసం కాదు."

లేచి నిలబడి అంది: "రేపు అందరం వెల్ఫేరు ఆఫీసుకి పోదాం. ఎవరి ఫైలు వాళ్లు పట్టుకుని."

అక్కడున్న చాలామంది దగ్గర అలాంటి ఫైలే ఓ కవర్లో ఉంది. పరుపు కింద, బీరువా వెనక, కట్టుకున్నవాడికి కూడా చూపించకుండా.

"నా ఫైలు జోలికి రాకు," అన్నాడు క్లెమ్. "మా అమ్మ గురించి ఏం రాశారో నీకేం తెలుసు? మొదటి పేజీ చదివి పెట్టెలో పడేశా. మళ్లీ తియ్యలేదు."

"మా అమ్మ ఎవడితో పడితే వాడితో పడుకునేదని రాశారు మావయ్యా నా దాంట్లో. ఇదిగో, పదిమందిలో చెప్పా. చచ్చిపోయానా?"

"సిగ్గులేనిదానా!"

"సిగ్గు రాసినోడికుండాలి! ఒక్కొక్కళ్లనే రమ్మంటారు, ఒక్కొక్కళ్లకే కవరు ఇస్తారు. ఎందుకో తెలుసా? అది చంకలో పెట్టుకుని తలొంచుకుని ఇంటికి పోతామని. ఇన్నేళ్లూ పోయాం. ఆమె ఐసుగదిలో ఉంది మావయ్యా. ఇంకా తలొంచుకునే పోదామా?"

క్లెమ్ టీ నేలమీద పారబోసి లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

మర్నాడు వెల్ఫేరు ఆఫీసు హాలు నిండిపోయింది. కుర్చీలు చాల్లేదు, నేలమీద కూర్చున్నారు. కాపలావాడు ఒక్కొక్కళ్లే రావాలని అరిచి అరిచి ఊరుకున్నాడు. సరిగ్గా అప్పుడే గోడమీది మైకు మోగింది. అప్పీలు విచారణకి ఆ రోజు పిలుపుందట. కంప్యూటర్లోంచి దాన్ని ఎవరూ తీసెయ్యలేదట. మైకులో పెద్దమ్మ పేరు పిలిచారు. పూర్తి పేరు. ఇంటిపేరుతో సహా.

ఐవీ అవ్వ రెండు చేతులతో చెవులు మూసుకుంది. ఆడవాళ్లు తలలు బాదుకున్నారు. మైకు మళ్లీ పిలిచింది.

"ఆపండి!" నోరీన్ అద్దం మీద రెండు అరచేతులతో కొట్టింది. "మేం పలకం ఆ పేరు. ఆమె తల్లి పేరు అడిగితే సిరా పూస్తారు. ఆమె పేరు చచ్చాక మైకులో అరుస్తారా!"

మేనేజరు వచ్చాడు. మెత్తగా మాట్లాడే మనిషి. "మీ బాధ నాకు అర్థమైంది. మీలో చట్టప్రకారం ఆవిడకి బంధువులెవరో వాళ్లు లోపలికి రండి."

"అందరం."

"రుజువు కాగితం ఉండాలి కదమ్మా."

"రుజువు నీ బీరువాలో ఉంది. తీసుకురా. సిరా లేకుండా తీసుకురా."

మేనేజరు వెనక్కి తిరిగి ఫోను అందుకున్నాడు. పోలీసులు రాకముందే తలుపు దగ్గర గుంపు కదిలింది. క్లెమ్ లోపలికొచ్చాడు. చొక్కా లోపల్నుంచి పసుపుపచ్చ కవరు తీసి, ఎవర్నీ అడక్కుండా కుర్చీ ఎక్కాడు.

"వినండి. నా ఫైలు ఇది. తల్లి తాగుబోతు. బిడ్డ మీద మమకారం లేదు."

క్లెమ్ పేజీ తిప్పాడు. ఇన్నేళ్లుగా తిప్పని పేజీ.

"తల్లి హోం కంచె దగ్గరకు వచ్చింది. పంపించేశాం. తల్లి మళ్లీ వచ్చింది. కంచె అవతలే పడుకుంటోంది. పోలీసులకు చెప్పి..."

కుర్చీ మీదే పసిపిల్లాడిలా ఏడుస్తూ నిలబడ్డాడు ఆ ముసలివాడు. నోరీన్ కాగితం అందుకుంది.

"పోలీసులకు చెప్పి పంపించేశాం. తల్లి మళ్లీ వచ్చింది."

పోలీసులొచ్చి నోరీన్ రెండు చేతులూ వెనక్కి విరిచారు. కాగితం కిందపడనివ్వలేదు. పక్కనున్న పిల్ల తీసుకుంది. "తల్లి మళ్లీ వచ్చింది." ఆ పిల్లని లాగితే ఇంకొకరు. నోరీన్‌ని ఎక్కించి వ్యాను తలుపు మూసేటప్పటికి ఆ చదవడం ఆఫీసు దాటి రోడ్డు మీదికొచ్చింది. ఇనప గోడలోంచి నోరీన్‌కి వినపడుతూనే ఉంది. ఆఖరున విన్న గొంతు ఎవరిదో ఆమె పోల్చుకోలేకపోయింది. బస్సు కోసం నిలబడ్డవాళ్లలో ఎవరిదో.

శుక్రవారం సార్జెంటు లాకప్పు తలుపు తీశాడు. నిద్రలేక కళ్లు ఎర్రగా ఉన్నాయి. చేతిలో కాగితం. ఖననానికి అడ్డురాను అని సంతకం పెడితే ఇంటికి పోవచ్చన్నాడు.

"పెట్టను."

"నువ్వొక్కదానివి పెట్టకపోతే ఏమవుతుందే?"

"ఒక్కదాన్నే అయితే నా దగ్గరికెందుకొచ్చావు?"

సార్జెంటు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మున్సిపాలిటీ కూలీలు గొయ్యి తవ్వం అంటున్నారు. ఆసుపత్రిలో బట్టలుతికేవాళ్లు ఐసుగది తలుపుకి అడ్డంగా కూర్చున్నారు. తెల్లోళ్లు కూడా ఉన్నారు వాళ్లలో. దక్షిణం నుంచి బస్సుల్లో ఇంకా వస్తున్నారట, చేతుల్లో కవర్లతో. పైనుంచి నన్ను రిపోర్టు అడుగుతున్నారు. ఎవరే వీళ్లంతా? ఆమెకేమవుతారు?"

నోరీన్ లేచి నిలబడింది. మూడు రోజుల తర్వాత వెన్ను నిటారుగా పెట్టింది.

"రాసుకో," అంది. "బంధువులు."