మళ్లీ రానివాళ్ల లెక్క

గుండె డాక్టరుకి ముక్కుమీద కోపం. ఆసుపత్రిలో అందరి దగ్గరా అది చెల్లుతుంది గానీ లెక్కల డాక్టరు దగ్గర మాత్రం ఆయన పప్పులుడకవు. ఆవిడ ఆయన భార్య మరి. దేశంలో ఏ మూల ఎవరికి గుండెపోటు వచ్చినా, ఏ వైద్యం అందింది, ఏడాది తిరిగేసరికి మనిషి ఉన్నాడా లేడా అన్నది ఆవిడ ఆఫీసే లెక్క కడుతుంది.

ఈసారి నివేదికలో ఆయన వార్డుదే మొదటి స్థానమని ఆసుపత్రిలో అప్పుడే అభినందనలు మొదలయ్యాయి. పైకి వద్దంటూనే ఆయన లోపల పొంగిపోయాడు. సరిగ్గా అప్పుడే ఆవిడ దగ్గర్నుంచి కబురు: మీ లెక్క చెల్లదు.

ఆయన ఆగమేఘాల మీద ఆవిడ ఆఫీసులో వాలాడు.

"ఇంట్లో సాధించేది చాలక ఇక్కడ కూడానా?"

"కూర్చోండి. ఈ జాబితాలో ఉన్నవాళ్లెవరూ మళ్లీ చూపించుకోడానికి రాలేదు, అయినా అంతా బతికే ఉన్నారని మీ వార్డు రాసింది. మీకెవరు చెప్పారు?"

"మళ్లీ రాలేదంటే బాగున్నట్టే కదా! బాగోకపోతే నా దగ్గరికి రాకుండా ఎక్కడికి పోతారు?"

"నేనడిగేదీ అదే. ఎక్కడికి పోయారు?"

ఆవిడ ఫోను స్పీకర్లో పెట్టి, జాబితాతో పాటు ఆయన ముందుకి జరిపింది.

"నేను చేసి ఏం తేల్చినా మొగుడూపెళ్లాల గొడవ అంటారు. మీరే చెయ్యండి."

మొదటి నంబరుకి ఒకమ్మాయి పలికింది. ఎవరో తెలియగానే సంబరపడిపోయింది.

"మీరా డాక్టరుగారూ! నాన్న ఎప్పుడూ మీ గురించే చెప్పేవారండీ, స్టెంట్ ఎంత బాగా వేశారో అని. పూర్తిగా నయమైపోయిందని మాత్రలు కూడా మానేశారు. పోయిన చలికాలంలో మళ్లీ గుండెపోటొచ్చి పోయారండీ. ఇంత గుర్తుపెట్టుకుని చేశారు, చాలా థాంక్సండీ."

ఆ అమ్మాయి తిట్టి ఉంటే ఆయన తట్టుకునేవాడు. "నయమైపోయింది, హాయిగా వెళ్లండి" అని భుజం తట్టి పంపింది తనే. మాత్రలు మానకూడదని ఎవరో ఒకరు చెబుతారులే అనుకున్నాడు.

"మొదటి స్థానం పోయినట్టేనండీ," అంది ఆవిడ మెల్లగా. బాధగానే అంది. ఆ వార్డు కోసం ఆయన ఎన్ని భోజనాలు మధ్యలో వదిలేసి పరిగెత్తాడో ఆవిడకి తెలియదా?

ఆయన లేచి వెళ్లిపోతాడనుకున్నారేమో. కుర్చీ ఇంకాస్త ముందుకి లాక్కుని తర్వాతి నంబరు నొక్కాడు. ఆ మనిషి మీద గౌరవం కలిగేది ఇదిగో, ఇలాంటప్పుడే. ఒకరు పలికారు, ఒకరు పలకలేదు, ఒక నంబరు ఎవరో టైలరుది. ఆ తర్వాత గరగరలాడే గొంతు ఒకటి విసుక్కుంది.

"బతికే ఉన్నానయ్యా, ఏం?"

"మాత్రలు వేసుకుంటున్నారా?"

"బాగున్నోడికి మాత్రలెందుకు? పొద్దున్నించీ ఎడమ చెయ్యి లాగుతోంది, కాస్త చెమటలు. వయసు కదా."

ఆయన చటుక్కున లేచి నిలబడ్డాడు. "పెద్దాయనా, ఉన్నచోటే కూర్చోండి. కదలకండి. ఇంట్లో ఎవరున్నారు? తలుపు తీసి పెట్టమనండి."

ఆవిడ అప్పటికే ఇంకో ఫోనులో అంబులెన్సుకి జాబితాలోంచి పెద్దాయన చిరునామా చదివేస్తోంది.

వాళ్లొచ్చి పెద్దాయన్ని ఎక్కించుకునేదాకా ఆయన ఫోను పెట్టలేదు. పెట్టాక చూస్తే చొక్కా అంతా తడిసిపోయి ఉంది. ఆవిడ కలం పట్టుకుని ఆగింది.

"ఈయనకేం రాయమంటారు?"

"అప్పుడే ఏమీ రాయకు," అన్నాడాయన కారు తాళాలు అందుకుంటూ. "నేను వెళ్లి చూసొచ్చి చెబుతా."